పిల్లికి చక్కెర జబ్బు వస్తే

మీ ఇంట్లో ఓ పిల్లి ఉందనుకోండి. నిన్నా మొన్నా వచ్చింది కాదు. మీరు అక్షరాలు దిద్దుకునే రోజుల్లో వచ్చి చేరింది. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. బాగా బలిసిన గండుపిల్లి. ఎలకల్ని పట్టడం మానేసి చాలా కాలమైంది. పగలంతా బియ్యం బస్తా మీద పడుకుంటుంది, రాత్రి మీ కాళ్ళ దగ్గర పడుకుంటుంది. అలాంటిది ఈ మధ్య దాని వాలకం మారింది. గిన్నెలో పోసిన నీళ్ళు పోసినట్టే తాగేస్తోంది. చాలక, బకెట్టు అంచుకి ముందుకాళ్ళు ఆనించి మరీ తాగుతోంది. దాని ఇసక తొట్టె తెల్లారేసరికి ముద్దముద్దగా తడిసి ఉంటోంది. తిండి మామూలుకన్నా ఎక్కువే తింటోంది. అయినా ఒళ్ళో పెట్టుకుని నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది.

ఇంట్లో తలా ఒక మాట అంటారు. ఎండలు ముదిరాయి కదా అని అమ్మ. వయసు మీద పడింది అని నాన్న. "కడుపులో నులిపురుగులు ఉంటాయిరా" అని నాయనమ్మ. ఏ మాటా కొట్టిపారెయ్యదగ్గది కాదు. కాని దాహం, మూత్రం, ఆకలి, చిక్కిపోవడం – ఈ నాలుగూ ఒక్కచోట చేరాయంటే పశువుల డాక్టరుకి ముందుగా తోచే అనుమానం ఇంకొకటి ఉంది. అదే చక్కెర జబ్బు, అంటే మధుమేహం.

పిల్లికి చక్కెర జబ్బేమిటి, అది లడ్డూలు తింటుందా అని నవ్వొస్తోందా? నిజానికి ముసలి పిల్లుల్లో ఇది అరుదైన జబ్బేమీ కాదు. తాతగారికి వచ్చే చక్కెర జబ్బుకీ దీనికీ దగ్గర చుట్టరికం ఉంది. అయితే తాతగారికి చేసినట్టే పిల్లికీ చేద్దామంటే మాత్రం పిల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడ పోలిక ఉందో, ఎక్కడ లేదో తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

ముందు కొలవండి

దాహం ఎక్కువైందని నోటితో చెబితే చాలదు. డాక్టరుకి అంకె కావాలి. ఆ పని మీరే చెయ్యవచ్చు. బడిలో వాడే కొలజాడీ లాంటిది ఒకటి సంపాదించండి. పొద్దున 7 గంటలకి గిన్నెలో 500 మిల్లీలీటర్ల నీళ్ళు పొయ్యండి. మర్నాడు పొద్దున 7 గంటలకి మిగిలినవి కొలిచి తీసివెయ్యండి. అయితే గిన్నెలోంచి కొన్ని నీళ్ళు ఆవిరైపోతాయి కదా! అందుకని అలాంటిదే ఇంకో గిన్నెలో అన్నే నీళ్ళు పోసి, పిల్లికి అందకుండా అలమారు మీద పెట్టండి. దాంట్లో ఎన్ని తగ్గాయో అన్ని ఆవిరి పద్దులో రాసి, మొదటి లెక్కలోంచి తీసెయ్యండి. శాస్త్రజ్ఞులు 'కంట్రోలు' అని గొప్పగా చెప్పేది ఈ రెండో గిన్నెనే. బకెట్లూ చెంబులూ ఆ రోజుకి మూసి ఉంచాలి సుమా, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లి తన బరువులో కిలోకి సుమారు 60 మిల్లీలీటర్లకు మించి తాగదు. చేపలూ మాంసమూ తినే పిల్లి అంతకూడా తాగదు, తిండిలోనే నీళ్ళుంటాయి గనక. కిలోకి 100 మిల్లీలీటర్లు దాటిందంటే, అంటే నాలుగు కిలోల పిల్లి రోజుకి 400 దాటి తాగుతోందంటే, ఏదో జబ్బు ఉన్నట్టే. ఏ జబ్బో మాత్రం దాహం చెప్పదు. మూత్రపిండాలు చెడినా ఇలాగే తాగుతుంది. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా ఇలాగే తిని, ఇలాగే చిక్కిపోతుంది. ఇవి రెండూ ముసలి పిల్లులకు వచ్చేవే. రక్తమూ మూత్రమూ పరీక్ష చేయిస్తేగాని తేలదు.

గాదె నిండా ధాన్యం, చేతిలో తాళంచెవి లేదు

శరీరంలోని జీవకణాలకు గ్లూకోజు వంటచెరకు లాంటిది. రక్తం దాన్ని ఒళ్ళంతా మోసుకుపోతుంది. కాని కండరాల్లోని కణాలూ కొవ్వు కణాలూ దాన్ని లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిను అనే హార్మోను ఉండాలి. కడుపులో జీర్ణాశయం పక్కన క్లోమం అనే గ్రంథి ఉంది. అందులో చుక్కలు చుక్కలుగా చెదిరి ఉండే లాంగర్‌హాన్స్ పుటికలు ఈ ఇన్సులినును తయారుచేస్తాయి. అది చాలకపోయినా, ఉన్నది పనిచెయ్యకపోయినా, గ్లూకోజు రక్తంలోనే నిలవుంటుంది. గాదె నిండా ధాన్యం ఉండి, తాళంచెవి పోయి, ఇంటిల్లిపాదీ పస్తున్నట్టు అన్నమాట. అందుకే పిల్లికి అంత ఆకలి. తిన్నది ఒంటికి పట్టక కొవ్వూ కండా కరిగించుకుంటుంది గనక అంత చిక్కిపోవడం.

దాహం ఎందుకు? మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టి, అందులోని గ్లూకోజును జాగ్రత్తగా ఏరి మళ్ళీ రక్తానికి అప్పగిస్తాయి. ఆ ఏరే పనికి ఒక హద్దుంది. మనుషుల్లో 100 మిల్లీలీటర్ల రక్తంలో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మిగిలింది మూత్రంలోకి పొంగిపోతుంది. పిల్లిలో ఈ హద్దు ఇంకా ఎక్కువ, సుమారు 250 నుంచి 290 వరకు. మామూలు పిల్లి రక్తంలో ఉండేది 70 నుంచి 150 దాకానే. మూత్రంలోకి పోయే గ్లూకోజు ఊరికే పోదు, నీళ్ళని వెంట లాక్కుపోతుంది. ఒళ్ళు ఎండిపోతుంది. కనక దాహం వేస్తుంది.

ఈ వరస బాగా గుర్తుపెట్టుకోండి. మూత్రం ఎక్కువ కావడం వల్ల దాహం వేస్తోంది, దాహం వల్ల మూత్రం ఎక్కువ కావడం లేదు. "ఇల్లంతా పాడుచేస్తోంది, నీళ్ళ గిన్నె తీసెయ్యి" అని ఎవరైనా అంటే వినకండి. గిన్నె తీసేసినా మూత్రం ఆగదు. పిల్లి మాత్రం ఎండి చచ్చిపోతుంది.

తేనెలాంటి మూత్రం అనే అర్థంలో మధుమేహం అని పేరు పెట్టింది మన ప్రాచీన వైద్యులే. అలాంటి మూత్రానికి చీమలు పడతాయని కూడా వాళ్ళు గమనించారు. దానికీ క్లోమానికీ ఉన్న సంబంధం 1889లో బయటపడింది. స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. దానికి మూత్రం ఆగకుండా పోతూంటే పరీక్షించి చూశారు. అందులో చక్కెర ఉంది! ఆ తరవాత 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమంలోంచి ఇన్సులినును రాబట్టారు. 1922 జనవరిలో దాన్ని మొదటిసారి ఒక మనిషికి ఎక్కించారు. అతడు 14 ఏళ్ళ కుర్రవాడు, ఇంచుమించు మీ ఈడువాడే.

ఇన్సులిను 51 ఎమినో ఆమ్లాల గొలుసు. ఆవు ఇన్సులినుకీ పిల్లి ఇన్సులినుకీ ఉన్న తేడా ఎంతో తెలుసా? ఒకే ఒక్క ఎమినో ఆమ్లం! మనిషి ఇన్సులినుతో పోలిస్తే పిల్లిది నాలుగు చోట్ల తేడా. ఇంత దగ్గర కావడం వల్లే మనుషుల కోసం తయారయ్యే ఇన్సులిను పిల్లి ఒంట్లో కూడా పనిచేస్తుంది.

వేటగాడికీ మనకీ ఒకే జబ్బు

కుక్కకి వచ్చే చక్కెర జబ్బు సాధారణంగా వేరే తరహాది. దాంట్లో పుటికలే నశించిపోతాయి. పిల్లికి వచ్చేది మాత్రం పెద్దవయసు మనుషులకి వచ్చేదాన్ని పోలి ఉంటుంది. ఒళ్ళు బలిసి, కదలిక తగ్గితే కణాలు ఇన్సులినుకు స్పందించడం మానుకుంటాయి. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిను తయారుచేసి, చేసి, అలిసిపోతుంది. ఇన్సులినుతోపాటే ఆ పుటికల్లో అమిలిన్ అనే ఇంకో హార్మోను కూడా తయారవుతుంది. అది పీచుపీచుగా గడ్డకట్టి పుటికల్లో పేరుకుని వాటి ఊపిరి తీస్తుంది. 1987లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు వెస్టర్‌మార్క్, ఆయన సహచరులు ఈ పీచు దేనితో తయారైందో కనిపెట్టారు. వాళ్ళు పరిశీలించినవాటిలో మనిషి క్లోమంలోని కణితితోపాటు జబ్బుపడిన పిల్లి క్లోమం కూడా ఉంది. మనుషుల చక్కెర జబ్బును అర్థం చేసుకోవడంలో పిల్లులకి అంత వాటా ఉంది మరి. తమాషా ఏమిటంటే, ఎలకల్లో అమిలిన్ ఇలా గడ్డకట్టదు. ఈ విషయంలో పిల్లికి చుట్టం మనిషేగాని, అది తరిమే ఎలక కాదు!

పిల్లులన్నిటికీ ఈ ప్రమాదం ఒక్కలా ఉండదు. ఏడెనిమిదేళ్ళు దాటినవి, బలిసినవి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయినవి, వాటిలోనూ మగవి ఎక్కువగా జబ్బుపడతాయి. దురదకో ఆయాసానికో స్టెరాయిడు మందులు చాలాకాలం వాడిన పిల్లికి కూడా రావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పాత మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

ఇంకో లక్షణం కూడా చెప్పాలి. పిల్లి వేళ్ళ మీద నడుస్తుందని మీరు గమనించే ఉంటారు. దాని మడమ నేలకి ఆనదు. చక్కెర జబ్బు ముదిరి నరాలు దెబ్బతింటే వెనకకాళ్ళ మడమలు నేలకి ఆనించి ఈడ్చుకుంటూ నడుస్తుంది. గోడ ఎక్కబోయి జారిపడుతుంది. అదే కుక్కయితే ఈ జబ్బులో కళ్ళకి పొరలు కమ్మి చూపు పోతుంది. పిల్లికి ఆ బెడద తక్కువ. చక్కెర అదుపులోకి వస్తే చాలా పిల్లులు మళ్ళీ వేళ్ళ మీద నిలబడతాయి.

తీపి తెలియని నాలుక

ఇప్పుడు తిండి సంగతి. "జబ్బు చక్కెరది కదా, తీపి మానిపిస్తే సరి" అనుకుంటారు. పిల్లికి తీపి అంటే ఏమిటో అసలు తెలియదు! తీపిని గుర్తించడానికి నాలుక మీద ఉండాల్సిన గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు పిల్లుల్లో చెడిపోయి ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ పరిశోధన కేంద్రం వాళ్ళు 2005లో ఈ సంగతి తేల్చారు. పెద్దపులిదీ అదే కథ. మీ పిల్లి పాలకోవా ఎత్తుకుపోయిందంటే అది పాలమీది ఆశతోనే.

పిల్లి పుట్టుకతో మాంసాహారి. ఎడారి అంచుల్లో చిన్న చిన్న జంతువుల్ని వేటాడి బతికిన ఆఫ్రికా అడవిపిల్లి దీని పూర్వీకురాలు. ఎలక ఒంట్లో మాంసకృత్తులూ కొవ్వూ తప్ప పిండిపదార్థం దాదాపు లేదు. అందుకే పిల్లి కాలేయం మాంసకృత్తుల్లోంచే గ్లూకోజును రాత్రింబగళ్ళు తయారుచేసుకుంటూ ఉంటుంది. ఒక్కసారిగా బోలెడు పిండిపదార్థం వచ్చిపడితే సర్దుకునే ఏర్పాటు దానికి తక్కువ. మరి మనం పెట్టేదేమిటి? పాలన్నం, పెరుగన్నం. పట్నాల్లో అయితే డబ్బాల్లో వచ్చే గట్టి గుళికలు. ఆ గుళికల్లో కూడా ధాన్యప్పిండి ఉంటుంది, పిండి లేనిదే గుళిక కట్టదు గనక. తాతగారికి అన్నం తగ్గించమన్నట్టే పిల్లికీ తగ్గించాలి. ఈ ఒక్క చోట పోలిక కుదిరింది. మాంసం, చేపలు, గుడ్డు, పిల్లుల కోసమే తయారైన మెత్తటి తడి ఆహారం మేలు.

కాని వీటికీ షరతులున్నాయి. మన కూరలోంచి తీసిన ముక్క పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పగలగొడతాయి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించినది పెట్టాలి. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకూడదు. టారిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో చాలినంత తయారుకాదు. అది లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. మాంసం ఉడికించినప్పుడు టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది. వట్టి మాంసంలో సున్నం కూడా చాలదు. కాబట్టి ఇంటి తిండి మీదే పెంచదలిస్తే ఏమేం కలపాలో డాక్టరుని అడగాలి. మూత్రపిండాలు కూడా బలహీనంగా ఉన్న పిల్లికి తిండి లెక్క మళ్ళీ వేరు.

ఇక అన్నిటికన్నా పెద్ద షరతు. పిల్లిని పస్తు పెట్టకూడదు. మన ఇళ్ళలో ఏకాదశికో శనివారానికో ఒకపూట మానేస్తే ఒంటికి మంచిదంటారు. బలిసిన పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయం మీదికి దండెత్తి వస్తుంది. కాలేయం దాన్ని సంభాళించుకోలేక చతికిలపడుతుంది. దాంతోనే ప్రాణం పోవచ్చు. బరువు తగ్గించడమైనా వారాలూ నెలలూ పట్టే పనిలా మెల్లగా సాగాలి.

సూది

సాధారణంగా డాక్టరు ఇన్సులిను ఇంజెక్షన్లు రాస్తాడు. పన్నెండు గంటలకొకటి, రోజుకి రెండు. ఈ మాట వినగానే చాలా ఇళ్ళలో నిట్టూర్పు వినిపిస్తుంది. "ముసలిదైపోయింది, ఇంకెందుకు ఈ యాతన?" గోనెసంచిలో పెట్టి ఊరవతల చేపల బజారులో వదిలేసి వచ్చేవాళ్ళు కూడా లేకపోలేదు. పదకొండేళ్ళంటే పిల్లికి ముసలితనమే, కాదనను. కాని చక్కగా చూసుకుంటే పిల్లులు పదిహేనేళ్ళు దాటి కూడా బతుకుతాయి. చక్కెర జబ్బు అదుపులో ఉన్న పిల్లి నొప్పీ బాధా లేకుండా ఏళ్ళ తరబడి తిరుగుతుంది. ఖర్చు మాట నిజమే. రోజూ రెండుపూటలా వేళకి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నదీ నిజమే. ఆ ఇబ్బంది దాచకుండా డాక్టరుతోనే చెప్పుకోవాలి. తిరుపతిలో, గన్నవరంలో, హైదరాబాదు పక్కన రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్ళు అక్కడి వైద్యశాలలో సలహా అడగవచ్చు. బజారులో వదిలేసిన చక్కెర జబ్బు పిల్లికి మాత్రం మిగిలేది కొద్దిరోజులే.

సూది వెయ్యడం పెద్దవాళ్ళ పని. దగ్గరుండి సాయం చెయ్యడం మీ పని. సూది వెంట్రుకలా సన్నగా ఉంటుంది. ముందు తిండి పెట్టాలి. తింటోందని కళ్ళతో చూశాక, డాబ దగ్గరో పక్కటెముకల పక్కనో వదులుగా ఉన్న చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ మడతలో పొడవాలి. చాలా పిల్లులు గిన్నెలోంచి తలైనా ఎత్తవు.

కష్టం పొడవడంలో లేదు, కొలతలో ఉంది. ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. మన మందుల షాపుల్లో ఇన్సులిను రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకదాంట్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు. ఇంకోదాంట్లో 100 యూనిట్లు. దేని సిరంజి దానికి ఉంటుంది. 40 దానికి సాధారణంగా ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. సిరంజి మీది గీతలు యూనిట్లలో ఉంటాయి. ఇప్పుడు, తాతగారి 40 సిరంజితో పిల్లికి తెచ్చిన 100 ఇన్సులిను '2' గీత దాకా లాగారనుకోండి. పిల్లి ఒంట్లోకి ఎన్ని యూనిట్లు వెళ్ళాయి?

40 సిరంజిలో 40 గీతలు ఒక మిల్లీలీటరు. కనక రెండు గీతలు 0.05 మిల్లీలీటరు. మందులో మిల్లీలీటరుకి 100 యూనిట్లు. 0.05ని 100తో గుణిస్తే 5. రెండు ఇవ్వాల్సిన చోట అయిదు! తాతగారికి మూడు యూనిట్ల తేడా వస్తే ఏదో సర్దుకుంటుందేమో. పిల్లికి డాక్టర్లు మొదలుపెట్టే మోతాదే సాధారణంగా ఒకటి, మహా అయితే రెండు యూనిట్లు. 100 ఇన్సులినులో ఒక యూనిట్ అంటే మామూలు నీటిబొట్టులో అయిదోవంతు. ఇక తిరగేసి చెయ్యండి: 40 ఇన్సులినును 100 సిరంజితో '2' దాకా లాగితే ఎంత? జవాబు 0.8 యూనిట్. మందు సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒక్కటేనా అని ప్రతిసారీ పైకి చదివి చూసుకోవాలి. ఈ పని మీకు అప్పగించమని ఇంట్లో అడగండి. లేత కళ్ళకి చిన్న అక్షరాలు బాగా కనిపిస్తాయి.

చక్కెర పడిపోతే

ఎక్కువ చక్కెర వారాల మీద, నెలల మీద హాని చేస్తుంది. తక్కువ చక్కెర గంటల్లో చంపుతుంది. మెదడుకి గ్లూకోజే ఆధారం గనక. ఇన్సులిను ఎక్కువ పడినా, ఇన్సులిను ఇచ్చాక పిల్లి తినకపోయినా, తిన్నది కక్కేసినా ఈ ప్రమాదం వస్తుంది. పాలన్నం మానిపించి ఒక్కరోజులో మాంసం మీదికి మార్చేసినా వస్తుంది. ఎందుకంటే నిన్నటి తిండికి సరిపడిన ఇన్సులిను ఇవాళ్టి తిండికి ఎక్కువైపోతుంది. అందుకే ఇన్సులిను మొదలుపెట్టిన పిల్లికి తిండి మార్చే ముందు డాక్టరుకి చెప్పి తీరాలి.

సూది వేస్తూండగా పిల్లి ఎగిరి గంతేసింది. మందు ఒంట్లోకి వెళ్ళిందో, బొచ్చు మీద పడిందో తెలియదు. ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు! మళ్ళీ పొడవకండి. ఒకపూట ఇన్సులిను తప్పితే సాధారణంగా మునిగిపోయేదేమీ లేదు. రెండుసార్లు పడితే మునుగుతుంది. అలాగే ఆ పూట పిల్లి అన్నం ముట్టకపోతే మామూలు మోతాదు ఇచ్చెయ్యకుండా ముందు డాక్టరుకి ఫోను చెయ్యాలి.

చక్కెర పడిపోయిన పిల్లి నీరసంగా తూలుతుంది, వణుకుతుంది, పిలిస్తే వెర్రిచూపులు చూస్తుంది, లేదా ఉన్నట్టుండి ఆవురావురుమని తిండి కోసం అరుస్తుంది. ముదిరితే ఫిట్లు వస్తాయి. తినగలిగితే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే తేనెగాని చక్కెర పాకంగాని వేలితో చిగుళ్ళకి రాయాలి. గొంతులో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్లు వస్తుంటే నోట్లో వేలు పెట్టకండి, కరుస్తుంది. కాస్త తేరుకున్నా సరే, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తేనె పని కాసేపే, ఇన్సులిను పని గంటల తరబడి. చక్కెర జబ్బు పిల్లి ఉన్న ఇంట్లో తేనె సీసా ఎప్పుడూ చేతికందే చోట ఉండాలి.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఒకటుంది. ఇన్సులిను బొత్తిగా చాలక ఒళ్ళు కొవ్వునే కాల్చుకుంటూ పోతే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. పిల్లి తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, ముడుచుకు పడుకుంటుంది. నోట్లోంచి గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తుంది. ఇది ఇంటి వైద్యానికి లొంగేది కాదు.

తాతగారి బిళ్ళలు పిల్లికి పనికొస్తాయేమో అని ఎవరూ ప్రయోగం చెయ్యకండి. ఆ మాటకొస్తే మనుషుల మందు ఏదీ డాక్టరు చెప్పందే పిల్లికి ఇవ్వకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి చచ్చిపోవడానికి. దాన్ని విరిచి బయటికి పంపే ఏర్పాటు దాని కాలేయంలో సరిగా లేదు.

సంచిలో పెట్టుకెళ్ళిన చక్కెర

పరీక్షల్లో కూడా పిల్లి ఓ చిక్కు తెచ్చిపెడుతుంది. సంచిలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కలు మొరిగే వరండాలో కూచోబెట్టి రక్తం తీస్తే, భయానికే దాని చక్కెర పైకి ఎగబాకుతుంది. జబ్బు లేని పిల్లిక్కూడా అంతే! అందుకని డాక్టరు ఒక్క అంకె చూసి తీర్పు చెప్పడు. ఫ్రక్టోసమైన్ అనే ఇంకో పరీక్ష ఉంది. గ్లూకోజు రక్తంలోని మాంసకృత్తులకి అతుక్కుంటే ఏర్పడే పదార్థం అది. గడిచిన రెండు వారాల సగటు సంగతి చెబుతుంది. ఆ ఒక్క గంట భయం దాన్ని మార్చలేదు. నేర్చుకున్నవాళ్ళు ఇంట్లోనే చెవి అంచున సూదిమొనతో చిన్న బొట్టు తీసి గ్లూకోమీటరుతో చూస్తారు. మనుషుల కోసం చేసిన మీటరు పిల్లి రక్తంలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తూ ఉంటుంది. ఆ సంగతి తెలిసి చదువుకోవాలి.

ఈమధ్య పిల్లుల కోసం నోటిమందులు కూడా వచ్చాయి. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ళను, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటిచుక్కల మందును అనుమతించింది. వీటి వెనక కథ చిత్రమైనది. ఆపిల్ చెట్టు బెరడులోంచి 1835లోనే ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని తీశారు. అది తిన్న జంతువు మూత్రంలో చక్కెర పోతుందని 1880లలో చూపించింది ఎవరో కాదు, కుక్క క్లోమం తీసిన ఆ వాన్ మెరింగే! మూత్రపిండాలు గ్లూకోజును ఏరి వెనక్కి పంపే పనిని అది అడ్డుకుంటుంది. కొత్త మందులూ అదే పని చేస్తాయి: చక్కెరను మూత్రంలోకి పోనిచ్చి రక్తాన్ని తేలికపరుస్తాయి. సూది బాధ లేదు గదా అని సంబరపడేలోగా ఒక మాట. ఒంట్లో ఇన్సులిను కొంతైనా మిగిలి ఉన్న పిల్లికే ఇవి పనికొస్తాయి. అప్పటికే ఇన్సులిను మీద ఉన్న పిల్లులకి ఇవి తగవు. వీటితో రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పేరుకునే ప్రమాదం కూడా ఉంది.

కొన్ని పిల్లుల్లో మనం ఆశించనిది కూడా జరుగుతుంది. జబ్బును తొందరగా పసిగట్టి, తిండి మార్చి, ఇన్సులిను వేళకి ఇస్తే క్లోమానికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఎక్కువ చక్కెరలో నాని మొద్దుబారిన పుటికల్లో చచ్చినవి చావగా మిగిలినవి మళ్ళీ పని అందుకుంటాయి. కొన్ని వారాలకో నెలలకో ఇన్సులిను అవసరమే లేకుండా పోతుంది. అన్ని పిల్లులకీ ఇలా జరగదు. ఆలస్యమైన కొద్దీ అవకాశం తగ్గుతుంది. ఈ మార్పు కూడా చెప్పాపెట్టకుండా వస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన రెండు యూనిట్లు ఇవాళ ఎక్కువైపోయి పిల్లి తూలడం మొదలుపెడుతుంది. అలా కనిపించిందని మోతాదు మీ అంతట మీరు మార్చకుండా డాక్టరు చేత మార్పించాలి.

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, తాగిన నీళ్ళు, తిన్నదీ వదిలేసిందీ, సూది వేసిన వేళ, యూనిట్లు. వారానికోసారి బరువు కూడా రాయండి. మీరు పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తరవాత ఒక్కరే నిలబడి, తీసివేస్తే సరి. సూది ఆపేసిన పిల్లికి కొన్నాళ్ళకో ఏళ్ళకో జబ్బు తిరగబెట్టవచ్చు. అప్పుడు మొదట పెరిగేది ఆ నీళ్ళ లెక్కే. కనక ఇన్సులిను మానినా కొలజాడీ మాత్రం దాచెయ్యకండి.